శాన్ హువాన్‌లో ఓడ దిగి రెండు స్పానిష్ కోటలు చూడటం ఎలా: నడిచి తిరిగేవాళ్లకు మార్గదర్శి

ఫ్లోరిడా నుంచి తూర్పు కరీబియన్ వైపు వెళ్లే క్రూజ్ ఓడల్లో చాలా ఒక పూట ప్యూర్టో రికో రాజధాని శాన్ హువాన్‌లో ఆగుతాయి. అమెరికాలో ఉండే మన కుటుంబాలు క్రిస్మస్ సెలవుల్లోనో, స్ప్రింగ్ బ్రేక్‌లోనో ఎక్కేది ఎక్కువగా ఈ ఓడలే. అక్కడ రెండు పెద్ద కోటలున్నాయి. సముద్రం మీదికి చూసేది ఎల్ మొర్రో. నేల వైపు చూసేది శాన్ క్రిస్తోబల్. టిక్కెట్టు ఒకటే, రెండింటి మధ్య ఇరవై నిమిషాల నడక. అయినా చాలామంది ఒక కోట చూసి, ఫొటోలు దిగి, కాళ్లు పీకుతున్నాయని ఓడెక్కేస్తారు. మొదటిసారి మేమూ అంతే. రేవు నుంచి నేరుగా మొర్రోకి వెళ్లాం. రెండో కోటకు వచ్చేసరికి పిల్లలు కూలబడ్డారు, గేటూ మూసేశారు. రెండోసారి వరస మార్చాం. ఆ వరసే ఇక్కడ చెబుతున్నాను.

ముందు టైము లెక్క

శాన్ హువాన్‌లో మీ ఓడ ఎన్నింటికి ఆగుతుందో బుకింగ్ రోజే చూసుకోండి. కొన్ని ఓడలు పొద్దున్నే వస్తాయి. కొన్ని మధ్యాహ్నం దాటాక వచ్చి రాత్రి వరకు ఉంటాయి. రాత్రి వరకు ఉంటుందని సంబరపడొద్దు, ఎందుకంటే కోటలు పెందలాడే మూసేస్తారు. ఈమధ్య ఉదయం 9:30 నుంచి సాయంత్రం 4:30 దాకా తెరిచి ఉంచుతున్నారు. వీటిని నడిపేది అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్. వాళ్ల సైట్‌లో మీ తేదీకి వేళలు ఒకసారి చూసుకోండి. పదహారేళ్లు నిండినవారికి టిక్కెట్టు 10 డాలర్లు, పిల్లలకు ఉచితం. అదే టిక్కెట్టు 24 గంటలపాటు రెండు కోటలకూ చెల్లుతుంది కాబట్టి రసీదు పారేయకండి. నోట్లతో పాటు కార్డు కూడా దగ్గర పెట్టుకోండి.

ఇక్కడ గడియారంతో ఒక చిక్కుంది. ప్యూర్టో రికోలో ఏడాది పొడవునా ఒకే టైము, అక్కడ గడియారం ముందుకూ వెనక్కూ తిప్పరు. వేసవిలో మయామి టైము, శాన్ హువాన్ టైము ఒకటే. చలికాలంలో మాత్రం శాన్ హువాన్ ఒక గంట ముందుంటుంది. కొన్ని ఓడలు రేవు టైముకు మారతాయి, కొన్ని మయామి టైములోనే ఉండిపోతాయి. ఓడ మారకపోతే, డిసెంబరులో కోట మూసే 4:30 ఓడ గడియారంలో 3:30 అవుతుంది. ఇంకో గంట ఉందనుకుని నింపాదిగా వెళ్తే గేటు దగ్గర నిరాశే. ఓడ మారి మీ చేతి గడియారం మారకపోతే ఇంకా ప్రమాదం, ఓడే వెళ్లిపోతుంది. దిగేముందు సిబ్బందిని "ఓడ టైము, ఊరి టైము ఒకటేనా?" అని అడిగి, తిరిగి ఎక్కాల్సిన ఆఖరి సమయాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఓడవాళ్లు అమ్మే టూర్ కొనాలా, సొంతంగా వెళ్లాలా? ఓడవాళ్ల టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీరు సొంతంగా తిరుగుతూ ఆలస్యమైతే ఆగదు. తేడా అంతే. ఓడ పాత ఊరి (ఓల్డ్ శాన్ హువాన్) రేవులో ఆగితే టూర్ కొనక్కర్లేదని నా అభిప్రాయం. కోటలు నడిచే దూరంలోనే ఉన్నాయి. పైగా చాలా టూర్లు ఒక కోటకు గంట ఇచ్చి, మిగతా సమయం షాపుల దగ్గర తిప్పుతాయి. అయితే ఏ రేవో ముందే చూసుకోండి. పాత ఊరి అంచున ఉన్న రేవులు వేరు, నీళ్లకు అవతల ఉన్న పాన్ అమెరికన్ రేవు వేరు. అక్కడ దిగితే పాత ఊరికి టాక్సీ ఎక్కాల్సిందే.

కాగితాల సంగతి. ప్యూర్టో రికో అమెరికా భూభాగమే. కానీ మీ ఓడ మధ్యలో వేరే దేశాల రేవుల్లో ఆగి అక్కడికి వస్తే, ఇమిగ్రేషన్ తనిఖీ ఉండొచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, వీసా, గ్రీన్ కార్డు, ఏది ఉంటే అది ఒరిజినల్స్‌తో ఓడెక్కాలి. వీసా స్టాంపు గడువు తీరిన హెచ్-1బి వాళ్లు క్రూజ్ బుక్ చేసే ముందే లాయరుతో మాట్లాడటం మంచిది, ఎక్కాక టెన్షన్ పడి లాభం లేదు. మిగతా దీవులకు ఏ వీసా కావాలన్నది దేశానికొక రకం, వాటినీ విడివిడిగా చూసుకోవాలి.

మొదటి మెట్టు: ఓడ దిగకముందే

ఓడ రేవులోకి వచ్చే అరగంట ముందు పై డెక్ మీదికి వెళ్లి ఎడమవైపు నిలబడండి. బ్రేక్‌ఫాస్ట్ తర్వాతైనా తినొచ్చు. ఓడ ఉత్తరం నుంచి ఇరుకైన ముఖద్వారంలోకి తిరుగుతుంది. ఎడమ చేతి వైపు రాతి కొమ్ము మీద ఎల్ మొర్రో లేస్తుంది. నీటి మట్టం నుంచి దాదాపు 44 మీటర్ల ఎత్తు, ఆరు అంతస్తులు, ఒకదాని వెనక ఒకటి వెనక్కి జరుగుతూ పైకి పోతాయి. కుడివైపు దూరంగా చిన్న పెట్టెలాంటి కట్టడం కనిపిస్తుంది, అది ఎల్ కన్యుయేలో. రెండు వైపుల నుంచీ ఫిరంగులు పేలితే మధ్యలో వచ్చే ఓడ గతేమిటో ఊహించండి. మీరు నిలబడ్డది సరిగ్గా ఆ మధ్యలోనే.

ఈ కోటలను శత్రువు కళ్లతో చూస్తేనే అర్థమవుతాయి. "నేనైతే ఎటునుంచి వస్తాను?" అని మలుపు మలుపులో అడుగుతూ నడవండి. గోడలు ఎందుకు అలా వంగాయో, మెట్లు ఎందుకు అలా తిరిగాయో వాటంతటవే తెలుస్తాయి.

దారిలో తెలిసుండాల్సిన నాలుగు దాడులు

యూరప్ నుంచి గాలివాటున వచ్చే ఓడలకు కరీబియన్‌లో మొదట తగిలే పెద్ద దీవుల్లో ప్యూర్టో రికో ఒకటి. మంచి రేవు, తాగునీరు ఉన్నాయి. మెక్సికో, పెరూ వెండి స్పెయిన్‌కు పోయే దారిని కాపాడాలంటే ఈ దీవి చేతిలో ఉండాలి. అందుకే 1539లో ఎల్ మొర్రో మొదలుపెట్టారు. మొదట అది ఒక చిన్న బురుజు మాత్రమే. తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు కడుతూనే ఉన్నారు. డబ్బు ఎక్కువగా మెక్సికో ఖజానా నుంచి వచ్చేది. ఎండలో రాళ్లు మోసినవారిలో బానిసలు, ఖైదీలు చాలామంది.

1595లో ఇంగ్లండ్ నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ వచ్చాడు. తుఫానుకు దెబ్బతిన్న ఒక స్పానిష్ ఓడలోని వెండి ఈ ఊళ్లో దాచారని తెలిసి వచ్చాడు. నేరుగా రేవు ముఖంలోకే దూరబోయి, కోట ఫిరంగుల దెబ్బకు వెనుదిరిగాడు.

మూడేళ్లకు, 1598లో, ఇంగ్లండ్‌కే చెందిన కంబర్లాండ్ ప్రభువు జార్జ్ క్లిఫర్డ్ ఆ తప్పు చేయలేదు. తూర్పున దూరంగా సైన్యాన్ని దించి, నేల మీదుగా ఊళ్లోకి నడిచాడు. ఎల్ మొర్రో లొంగిపోయింది. సముద్రం వైపు అంత గట్టిగా ఉన్న కోటకు వెనకవైపు బలం లేదు. కానీ ఆయన్ని తరిమింది స్పెయిన్ సైన్యం కాదు, విరేచనాలు. సైనికులు పిట్టల్లా రాలిపోతుంటే కొద్దివారాలకే కోట వదిలి పోవాల్సి వచ్చింది.

1625లో డచ్చివాళ్లు. బౌడవైన్ హెండ్రిక్స్ ఫిరంగుల కిందనుంచే రేవులోకి దూసుకొచ్చి ఊరు పట్టుకున్నాడు. ఈసారి మొర్రో మాత్రం లొంగలేదు. విసిగి ఊరికి నిప్పుపెట్టి పోయాడు. ఆ మంటలు చల్లారాక స్పెయిన్‌కు జ్ఞానోదయమైంది. 1630ల్లో ఊరి చుట్టూ గోడ లేచింది. తూర్పు గుట్ట మీద 1634లో ఒక చిన్న కాపలా కోట కట్టారు, అదే శాన్ క్రిస్తోబల్‌కు పునాది. 1762లో స్పెయిన్‌దైన క్యూబా రేవు హవానా బ్రిటిష్ వారి చేతిలో పడ్డాక భయం ఇంకా పెరిగింది. 1765 నుంచి ఐర్లండ్‌లో పుట్టిన ఇంజనీరు తోమాస్ ఓడేలీ, ఆయన తర్వాత హువాన్ ఫ్రాన్సిస్కో మెస్త్రే కలిసి ఆ చిన్న కోటను 27 ఎకరాల కోటగా పెంచారు. అమెరికా ఖండాల్లో స్పెయిన్ కట్టిన కోటల్లో అదే అతి పెద్దది.

1797లో బ్రిటిష్ జనరల్ అబర్‌క్రాంబీ వేల సైన్యంతో మళ్లీ తూర్పు నుంచే వచ్చి, పాత ఊరు ఉన్న చిన్న దీవికి చేరే వంతెనల దగ్గరే ఆగిపోయాడు. రెండు వారాలు చూసి వెళ్లిపోయాడు. శాన్ క్రిస్తోబల్ దాకా రానేలేదు.

రెండో మెట్టు: శాన్ క్రిస్తోబల్ ముందు

పాత ఊరి రేవు నుంచి ఉత్తరం వైపుగా ఎత్తెక్కితే పది పదిహేను నిమిషాల్లో శాన్ క్రిస్తోబల్ వస్తుంది. దీన్ని ముందు చూడమనడానికి కారణాలు మూడు. రేవుకు ఇదే దగ్గర. జనం మొర్రో మీద పడతారు కాబట్టి పొద్దున్న ఇక్కడ ఖాళీ. ఎత్తు మొదట్లోనే ఎక్కేస్తే తర్వాతి నడక చాలావరకు తేలిక.

లోపల పెద్ద ముంగిలి వస్తుంది. ఆ రాళ్ల కింద ఐదు పెద్ద నీటి తొట్లున్నాయి. కోట మీద పడ్డ వాన చినుకంతా వాటిలోకే జారుతుంది, సుమారు 7 లక్షల గ్యాలన్లు పడుతుంది. ఊట నీరు సరిగా లేని చోట ముట్టడికి తట్టుకోవాలంటే ఫిరంగి కంటే తొట్టే ముఖ్యం. కంబర్లాండ్ సైన్యం గతి గుర్తుందిగా.

అక్కడినుంచి సొరంగాల్లోకి దిగండి. సైనికులు శత్రువు కంటపడకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లేందుకు ఇవి దారులు. శత్రువు పైన చేరితే కింద మందుగుండు పేల్చి కూల్చేసే ఏర్పాటు కూడా వీటిలో ఉంది. కింద చీకటి కొట్టులాంటి చెరసాల గోడ మీద ఓడల బొమ్మలు గీసి ఉంటాయి. తెరచాపలు, తాళ్లు అంతా వివరంగా గీసినవి. మరణశిక్ష పడ్డ ఓ నావికుడు గీశాడని చెప్పుకుంటారు. కోట మొత్తంలో నాకు నచ్చిన చోటు ఇదే. గైడ్లు గుంపును తొందరపెట్టి దాటించేస్తారు. మీరు ఆగండి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి.

తర్వాత పైకి, తూర్పు అంచుకు. మన గోల్కొండ చూసిన కళ్లకు ఇక్కడ ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ గుట్ట మీదికి గోడలు ఎగబాకుతాయి. ఇక్కడ తూర్పువైపు కోట నేల మీద పరుచుకుంది. కందకం, దాని అవతల ఒక చిన్న కోట, దాని అవతల ఇంకొకటి. ప్రతి వెనక భాగమూ ముందుదానికంటే కాస్త ఎత్తు. ముందుది శత్రువు చేతికి పోతే, వెనక నుంచి ఫిరంగులు దాన్నే గురిపెడతాయి. పట్టుకున్నవాడికి అది బోనే. విసనకర్ర ఆకారంలో ఉన్నదాన్ని ఎల్ అబానికో అంటారు, అంటే విసనకర్రే. "ఎటునుంచి వస్తాను?" అన్న ప్రశ్న ఇక్కడ వేసుకుంటే దారి దొరకదు.

ఉత్తరాన కింద, అలల అంచున ఒంటరిగా ఒక చిన్న గుమ్మటం కాపలా గూడు కనిపిస్తుంది. స్పానిష్‌లో గరీతా అంటారు. ప్యూర్టో రికో గుర్తంటే ఇప్పుడు అదే, కార్ల నంబరు ప్లేట్ల మీద కూడా వేశారు. కిందిదాన్ని దయ్యం గరీతా అంటారు. ఒక రాత్రి కాపలా సిపాయి మాయమయ్యాడట, దయ్యం ఎత్తుకుపోయిందని మిగతావాళ్లు వణికారట. ప్రియురాలితో లేచిపోయాడని ఇంకో కథ. నా ఓటు రెండో కథకే.

ఈ కోటకు గంటన్నర ఇవ్వండి. అమ్మానాన్నలు, అత్తమామలు వెంట ఉంటే రేవు దగ్గరే టాక్సీ మాట్లాడుకుని పైకి వచ్చి, ముంగిలి, గదులు చూపించి, సొరంగాలు వదిలేయండి. ర్యాంపులు నిటారు, మెట్లు అరిగి ఉంటాయి.

స్పెయిన్-అమెరికా యుద్ధంలో, 1898 మే 10న అమెరికా ఓడ మీద తొలి గుండు పేల్చింది ఈ కోట నుంచే, కెప్టెన్ ఆంహెల్ రివేరో ఆజ్ఞ మీద. రెండు రోజులకు అడ్మిరల్ శాంప్సన్ నౌకలు వచ్చి ఊరి మీద గుండ్లు కురిపించాయి. ఆ ఏడాది చివరికి దీవి చేతులు మారింది.

మూడో మెట్టు: గోడ వెంట నడక

శాన్ క్రిస్తోబల్ నుంచి నోర్సాగరాయ్ వీధి పట్టుకుని పడమరగా నడవండి. కుడిచేతి వైపు సముద్రం, దాదాపు ఒక మైలు. నీడ తక్కువ, గాలి ఎక్కువ. టోపీకి తాడు లేకపోతే అది అట్లాంటిక్‌దే. గోడకు అవతల కింద రంగురంగుల ఇళ్లు కనిపిస్తాయి, అది లా పెర్లా. అక్కడ జనం కాపురాలుంటున్నారు, ఇళ్లల్లోకి కెమెరా పెట్టకుండా పైనుంచే చూసి సాగిపోవడం మర్యాద.

పాత ఊరి వీధుల్లోకి దిగితే నీలి రాళ్లు పరిచి ఉంటాయి. ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెంతో పోసిన ఇటుకలవి. వాన పడితే జారుడుబల్లే. చెప్పులు, హీల్స్ వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. మనిషికి లీటరు నీళ్లు పెట్టుకోండి.

నాలుగో మెట్టు: ఎల్ మొర్రో

ముందు పెద్ద పచ్చిక మైదానం వస్తుంది. చెట్టూ చేమా లేకుండా ఎందుకు వదిలారు? నేల వైపునుంచి వచ్చే శత్రువుకు దాక్కునే చోటు ఉండకూడదని. అమెరికా సైన్యం ఉన్న రోజుల్లో ఇక్కడే గోల్ఫ్ ఆడుకున్నారు. ఇప్పుడు ఊరివాళ్లు గాలిపటాలు ఎగరేస్తారు. పిల్లలు అడిగితే దారిలో ఒకటి కొనివ్వండి, కానీ కోట చూశాకే. ముందు ఇస్తే ఇక కోటలోకి రారు. స్వానుభవం.

ఎండలో ఈ మైదానం దాటడానికి పది నిమిషాలు. తర్వాత కందకం మీద వంతెన, ముంగిలి. పైన మూడు జెండాలు ఎగురుతుంటాయి. ఒకటి అమెరికాది, ఒకటి ప్యూర్టో రికోది. మూడోది తెల్లటి బట్ట మీద ఎర్రగా, గరుకు కొమ్మల్లా ఉండే అడ్డ శిలువ. అది బర్గండీ శిలువ, పాత స్పానిష్ సైన్యపు జెండా.

ముంగిలి నుంచి పెద్ద ర్యాంపు కిందికి దిగుతుంది. ఫిరంగులను లాక్కెళ్లడానికి అది. దాని వెంట దిగితే శాంతా బార్బరా ఫిరంగి దిబ్బ. పిడుగుల నుంచి కాపాడుతుందని నమ్మే ఆ క్రైస్తవ పునీతురాలు ఫిరంగివాళ్లకు ఇష్టదైవం. పొద్దున ఓడలోంచి మీరు చూసింది ఈ అంచునే. ఇప్పుడు ఫిరంగి కంతలోంచి ముఖద్వారం వైపు చూడండి. ఆ సమయానికి ఇంకో ఓడ వస్తుంటే అదృష్టమే, డ్రేక్‌కు ఏం జరిగిందో మాటల్లేకుండా అర్థమవుతుంది. ఇంకా కిందికి వెళ్లగలిగితే 1539 నాటి పాత బురుజు దొరుకుతుంది. తర్వాతి తరాలు దాన్ని కూల్చకుండా చుట్టూ కట్టుకుంటూ పోయాయి. వీటితో పాటు రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్లు కట్టిన కాంక్రీటు పరిశీలన గూళ్లు పైన కనిపిస్తాయి. లైట్‌హౌస్ 1908లో కట్టింది, అంతకుముందున్నది 1898 దాడిలో దెబ్బతింది.

దిగిన ప్రతి అంతస్తూ తిరిగి ఎక్కాలని మరిచిపోకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పై రెండు అంతస్తులతో ఆగితే నష్టం లేదు, దృశ్యం అక్కడినుంచే బాగుంటుంది. డ్రోన్లు నిషేధం. గోడల మీద పెద్ద పెద్ద ఇగ్వానాలు ఎండ కాచుకుంటుంటాయి, మీరు వాటి జోలికి పోకపోతే అవీ రావు.

దీనికీ గంటన్నర. మధ్యాహ్నం వచ్చే ఓడైతే రెండు కోటలు కుదరవు. అప్పుడు నేనైతే శాన్ క్రిస్తోబలే ఎంచుకుంటాను. మొర్రోను ఓడలోంచి ఎలాగూ చూస్తారు, వేళ దాటాక మైదానంలోనూ కూర్చోవచ్చు.

ఐదో మెట్టు: దిగుతూ, తింటూ రేవుకు

మొర్రో నుంచి దక్షిణంగా దిగి శాన్ హువాన్ ద్వారం చేరండి. ఎర్ర రంగు ద్వారం. ఊరి గోడకు ఒకప్పుడున్న ద్వారాల్లో మిగిలింది ఇదే. పాత రోజుల్లో ఓడ దిగిన గవర్నర్లు, బిషప్పులు ఈ ద్వారం గుండా లోపలికి వచ్చి, నేరుగా ఎదుటి వీధి ఎక్కి కెథెడ్రల్‌కు వెళ్లి, క్షేమంగా చేరినందుకు దణ్ణం పెట్టుకునేవాళ్లు. గోడ పాదం వెంట నీటి అంచున పాసేయో దెల్ మొర్రో అనే బాట ఉంది. టైముంటే కాసేపు అటు నడవండి. గోడ ఎంత లావో, ఎంత వాలో పక్కన నిలబడితేనే తెలుస్తుంది. దగ్గర్లోనే లా ఫోర్తలేసా. మొర్రో కంటే ముందు, 1533లో, కోటగానే మొదలుపెట్టారు. రేవు ముఖాన్ని కాపలా కాయడానికి చోటు సరిపోలేదు, చివరికి గవర్నరు ఇల్లయింది. ఇప్పటికీ గవర్నరు అక్కడే ఉంటారు. 1983 నుంచి ఇవన్నీ యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి.

తిండికి వస్తే, ఆరోస్ కోన్ గాండూలెస్ అడగండి. గాండూలెస్ అంటే కందులు. పేరు కూడా చెవికి మన ఇంటి మాటలాగే తగులుతుంది. పచ్చి కందులతో వండిన అన్నం అది. శాకాహారులు జాగ్రత్త, ఎక్కువచోట్ల పంది మాంసం వేసి వండుతారు. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని. అంతటితో ఆగక "సిన్ హామోన్" అని కూడా అడగండి, ఎందుకంటే హామ్‌ను మాంసం కింద లెక్కేయని వంటవాళ్లుంటారు. మోఫోంగో అరటికాయ ముద్ద, అందులోనూ తరచూ పంది తోలు కలుస్తుంది. ఏ బెంగా లేనివి తోస్తోనెస్, పచ్చి అరటికాయ అణిచి రెండుసార్లు వేయించిన ముక్కలు. నూనె సంగతి మాత్రం అడిగి చూసుకోండి. రోడ్డు పక్కన పిరాగువా బళ్లుంటాయి, అచ్చం మన ఐస్ గోలా. చింతపండు రుచిలో ఉంటే అదే తీసుకోండి.

ఓడ ఎక్కడానికి చెప్పిన ఆఖరి సమయానికి గంట ముందే రేవు దగ్గర ఉండేలా చూసుకోండి. సెక్యూరిటీ క్యూ అక్కడ మళ్లీ ఉంటుంది, రెండు మూడు ఓడలున్న రోజున అది పొడుగ్గానే సాగుతుంది. ఎక్కాక కాళ్లు చాపి పడుకోకుండా ఓడ కదిలే సమయానికి డెక్ మీదికి రండి. ఈసారి కుడివైపు నిలబడండి.